కొండల్లోని సరస్సు, పక్కనే నది: అక్కడ ఒక రోజు హాయిగా గడపడం ఎలా?

కొండల నడుమ ఒక సరస్సు, దాన్ని నింపే ఒక నది, మళ్లీ దానిలోంచి బయటపడి లోయలోకి దిగిపోయే నది. ఇలాంటి చోట ఒక రోజంతా గడిపే అవకాశం వస్తే వదులుకోవద్దు. ఈత, పడవ, గాలం, ఒడ్డు వెంబడి నడక, ఏమీ చేయకుండా కూర్చోవడం, అన్నీ ఒక్కచోటే కుదురుతాయి. అయితే ఇక్కడి నీళ్లకి తమదైన టైమ్‌టేబుల్ ఉంటుంది. పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా, సాయంత్రం ఇంకోలా ఉంటాయి. ఆ వేళలకు మన ప్లాన్‌ని సర్దుకుంటే రోజు బాగా గడుస్తుంది. చాలామంది తీరిగ్గా పదకొండింటికి చేరి, భోజనం చేసి, మూడింటికి నీళ్లలో దిగుతారు. కొండల్లో అది అన్నిటికంటే తప్పు సమయం. ఎందుకో తెలియాలంటే ముందు ఆ నీళ్ల సంగతి తెలియాలి.

ముందు నీళ్ల సంగతి తెలుసుకోండి

ఎత్తైన కొండల్లోని నదులకు వేసవిలో చాలావరకు మంచు కరిగిన నీళ్లే ఆధారం. ఎండ ఎక్కేకొద్దీ పైన మంచు ఎక్కువగా కరుగుతుంది. ఆ నీళ్లు కిందికి చేరడానికి ఇంకొన్ని గంటలు పడుతుంది. అందుకే తెల్లవారుజామున నది తగ్గి ఉంటుంది, మధ్యాహ్నం దాటాక పెరుగుతుంది, సాయంత్రానికి ఉద్ధృతంగా పారుతుంది. పొద్దున మోకాలి లోతులో దాటిన చోటే, తిరిగొచ్చేసరికి నడుము దాకా నీళ్లుండొచ్చు. అవతలి ఒడ్డుకు వెళ్లి సాయంత్రం నెమ్మదిగా వద్దామనుకునేవాళ్లు చిక్కుకుపోయేది ఇలాగే.

ఈ హెచ్చుతగ్గులు సరస్సులోకి వచ్చే నదిలో ఎక్కువ, సరస్సులోంచి బయటికెళ్లే నదిలో తక్కువ. పైనుంచి నీళ్లు ఒక్కసారిగా వచ్చినా సరస్సు వాటిని తన విస్తీర్ణమంతా పరిచి నిదానంగా వదులుతుంది. బురద, ఇసుక అడుక్కి దిగిపోతాయి కాబట్టి బయటికొచ్చే నీళ్లు తేటగా ఉంటాయి. వేసవిలో అవి సరస్సు పైపొర నుంచి పొర్లి వచ్చే నీళ్లు కాబట్టి చలి కూడా కాస్త తక్కువ. నది దగ్గర కూర్చోవాలన్నా, పిల్లలను ఒడ్డున ఆడించాలన్నా సరస్సుకి దిగువనున్న భాగమే మేలని నేను చెప్పేది అందుకే. అయితే నది మొదలయ్యే మూతి దగ్గర మాత్రం కాదు. దాని గురించి కింద చెబుతాను.

ఇక సరస్సు. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అందుకే చల్లటి నీళ్లు అడుగున, ఎండకు వేడెక్కినవి పైన, పొరలుగా నిలుస్తాయి. పైన హాయిగా అనిపించే నీళ్లలోంచి కొన్ని మీటర్ల లోతుకి మునిగితే కాళ్లకి ఒక్కసారిగా గడ్డకట్టే చలి తగులుతుంది. ఇంకో సంగతి. గాలి ఒకే దిక్కున గట్టిగా వీస్తే ఆ వెచ్చటి పైపొర అవతలి ఒడ్డుకు కొట్టుకుపోయి, గాలి వచ్చే వైపు ఒడ్డున అడుగు నీళ్లు పైకి వస్తాయి. నిన్న హాయిగా ఈదిన చోటే ఇవాళ కాలు పెట్టలేనట్టు ఉందంటే కారణం అదే.

గాలికీ వేళలున్నాయి. పగలు కొండవాలు వేడెక్కడంతో గాలి లోయలోంచి పైకి వీస్తుంది, రాత్రి చల్లబడి తిరిగి కిందికి దిగుతుంది. పొద్దున్నే కదలిక లేని సరస్సు మధ్యాహ్నానికి అలలు తేలుతుంది. వేసవిలో ఉరుములు, మెరుపులు కూడా ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే మొదలవుతాయి.

ఇవన్నీ కలిపితే రోజు ప్లాన్ తయారవుతుంది: పడవ పొద్దున్నే, నది దాటే పని ఉంటే అదీ పొద్దున్నే, ఈత ఎండ ఎక్కాక గాలి లేవకముందు, మధ్యాహ్నం దాటాక ఒడ్డున.

బయల్దేరేముందు

మీరు వెళ్లే చోటి వాతావరణం ఒక్కటే చూస్తే సరిపోదు. నది ఎక్కడ పుడుతుందో ఆ పైకొండల మీద వాన సూచన ఉందో లేదో చూడండి. మీ నెత్తిన ఎండ కాస్తుండగానే, మీకు కనబడని చోట కురిసిన వాన గంటలో మీ దగ్గరికి రావచ్చు. ఎగువన డ్యామ్ కానీ, కరెంటు ఉత్పత్తి కేంద్రం కానీ ఉందేమో కనుక్కోండి. గేట్లు ఎత్తితే వానతో సంబంధం లేకుండానే నీటిమట్టం నిమిషాల్లో పెరుగుతుంది. అలాంటి నదుల దగ్గర హెచ్చరిక బోర్డు, సైరన్ ఉంటే వాటిని తేలిగ్గా తీసుకోవద్దు.

అక్కడ ఈతకు, పడవకు, చేపలు పట్టడానికి, రాత్రి బసకు అనుమతి ఉందా, లైసెన్స్ కావాలా అన్నది ముందే తెలుసుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఏ వేళకు తిరిగొస్తారో, ఆ వేళ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లోనో స్నేహితులకో రాసి ఇవ్వండి. కొండల్లో సిగ్నల్ ఉండకపోవచ్చు. తిరిగొచ్చాక వాళ్లకి చెప్పడం మర్చిపోకండి, లేదంటే అనవసరంగా వెతుకులాట మొదలవుతుంది.

సరస్సు 2,500 మీటర్ల పైన ఉంటే ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. తలనొప్పి, వికారం, ఆయాసం ఉన్నవాళ్లు నీళ్లలో దిగకూడదు. అక్కడికి చేరిన రోజే ఈత పెట్టుకోకుండా ఒక రాత్రి ఆగడం మంచిది. పైకెళ్లేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు గాలి సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలు మాత్రం సుమారు 10 శాతం పెరుగుతాయి. చల్లగా ఉంది కదా అని టోపీ, సన్‌స్క్రీన్ మానేస్తే సాయంత్రానికి చర్మం కమిలిపోతుంది. నీళ్ల మీద నుంచి తిరిగి కొట్టే ఎండ కూడా తోడవుతుంది.

సంచిలో ఏముండాలి?

ప్రతి ఒక్కరికీ ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్. తొడుక్కుని, భుజాల దగ్గర పట్టుకుని ఎవరైనా పైకి లాగితే గడ్డం దాకా జారకూడదు, అదే పరీక్ష. పూర్తి జత పొడి బట్టలు, ఊలు టోపీతో సహా, నీళ్లు చొరబడని సంచిలో పెట్టుకోండి. నూలు బట్టలు తడిస్తే ఒంటిని ఇంకా చల్లబరుస్తాయి, ఊలు కానీ సింథటిక్ కానీ మేలు. వేళ్లు మూసి ఉండే, తడిసినా జారని బూట్లు. ఈల. ఫ్లాస్కులో వేడి పానీయం. తలకు పెట్టుకునే టార్చ్, ఫస్ట్ ఎయిడ్. నది దగ్గరికి వెళ్తుంటే 15 నుంచి 20 మీటర్ల తేలే తాడున్న త్రో బ్యాగ్, అంటే కొట్టుకుపోయేవాళ్లకి విసిరే తాడు సంచి. చెప్పులతో నదిలో దిగొద్దు, మొదటి రాయి దగ్గరే జారిపోతాయి.

చేరాక వెంటనే దిగకండి

ఒక అరగంట ఒడ్డున తిరగండి. ఈ అరగంటను నేను ఎప్పుడూ వదలను, ఎవరినీ వదలనివ్వను.

మొదట నీటి అంచున, తడీ పొడీ కలిసే సరిగ్గా ఆ గీత మీద, గుర్తుపట్టగలిగే ఒక రాయి పెట్టండి. లేదా ఒక పుల్ల గుచ్చండి. గంటగంటకూ వచ్చి చూడండి. రాయి మునిగిందంటే నీళ్లు పెరుగుతున్నాయి. నది ఒడ్డున ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే నెమ్మదిగా పెరిగే నీటిని కన్ను పట్టుకోలేదు. నీళ్లు తేటగా ఉన్నవి మడ్డిగా మారినా, ఆకులు, కొమ్మలు, నురగ కొట్టుకొస్తున్నా, నది హోరు మారి బండలు దొర్లే చప్పుడు వినిపించినా ఇక చూడాల్సింది ఏమీ లేదు. సామాన్ల కోసం వెనక్కి వెళ్లకుండా అందరూ వెంటనే గట్టు ఎక్కాలి.

తర్వాత సరస్సు రెండు మూతులనూ చూసి రండి. నది సరస్సులో కలిసే చోట అది మోసుకొచ్చిన గులకరాళ్లు, ఇసుక పరుచుకుని విశాలమైన మేట ఏర్పడుతుంది. పక్షులు వాలేది అక్కడే, చేపలు తిరిగేది అక్కడే, నాకు మటుకు సరస్సు మొత్తంలో ఇష్టమైన చోటు అదే. కానీ ఆ మేట అరుగు అంచులా ఉన్నట్టుండి తెగిపోతుంది. మోకాలి లోతులో పది అడుగులు నడిచి, పదకొండో అడుగుకు నిట్టనిలువు లోతు తగలొచ్చు. అంచు దగ్గర ఇసుక వదులుగా ఉండి కాలికింద జారుతుంది కూడా. నీటి రంగు లేతగా ఉన్నది ఒక్కసారిగా ముదురుగా మారిందంటే అదే ఆ అంచు.

నది బయటికెళ్లే మూతి వేరే రకం. అక్కడ నీళ్లు నిలకడగా ఉన్నట్టే కనిపిస్తాయి, కానీ ఒక ఎండుటాకు వేసి చూస్తే మూతి వైపు సాగిపోతుంది. మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా. పడవ కానీ, గాలి నింపిన ట్యూబు కానీ ఆ లాగుడులో పడితే వెనక్కి తెడ్డు వేయడం చాలా కష్టం. మూతి వైపు ఎంత దూరం దాకా వెళ్లొచ్చో ఒడ్డునున్న ఒక చెట్టునో బండనో గుర్తు పెట్టుకుని, అందరికీ చూపించి, అది దాటకూడదని చెప్పేయండి.

నీళ్ల మీద నీలం, ఆకుపచ్చ కలిసిన నురగ తేలుతుంటే ఆ వైపు మనుషులను కానీ, కుక్కలను కానీ దిగనివ్వొద్దు. అది విషం తయారుచేసే సయనోబాక్టీరియా కావచ్చు. సరస్సంతా పాలు కలిపిన నీలంరంగులో ఉంటే మాత్రం భయం లేదు. హిమానీనదం కింద బండలు అరిగి పడిన పిండి నీళ్లలో తేలుతూ వెలుగును చెదరగొట్టడం వల్ల వచ్చే రంగది. భయం లేదంటే విషం గురించి. అంత రంగు ఉందంటే నీళ్లు మాత్రం చాలా చల్లగా ఉంటాయని అర్థం.

పొద్దున్నే పడవ

కయాక్ (కూర్చుని తెడ్డు వేసే సన్నటి చిన్న పడవ) అయినా, నిలబడి తెడ్డు వేసే బోర్డు అయినా లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి. పడవలో పక్కన పెట్టుకున్నది అవసరం పడ్డప్పుడు చేతికి అందదు, చన్నీళ్లలో వణికే వేళ్లతో బకిల్ పడదు.

మొదట గాలికి ఎదురుగా వెళ్లండి. అలసిపోయాక గాలే వెనక్కి తీసుకొస్తుంది. సరస్సుని అడ్డంగా కోయకుండా ఒడ్డు వెంబడే, ఈది చేరగలిగినంత దూరంలోనే తిరగండి. బోల్తా పడితే పడవను వదిలి ఒడ్డుకు ఈదడానికి ప్రయత్నించవద్దు. దాన్ని పట్టుకుని, వీలైతే దాని మీదికి ఎక్కి, ఈల వేయండి. ఒడ్డు కనిపించేదానికంటే ఎప్పుడూ దూరంగానే ఉంటుంది, పైగా మీ తల కంటే పడవే దూరం నుంచి కనిపిస్తుంది.

బోర్డు వాడేవాళ్లకి ఒక మాట. సరస్సులో కాలికి కట్టుకునే తాడు మంచిదే. పారే నదిలో మాత్రం అది కొమ్మలకో బండకో చిక్కుకుంటే నీటి ఒత్తిడికి వంగి కాలి దాకా చేయి చాపడం అసాధ్యం. నదిలో నడుముకు కట్టుకుని, ఒక్క లాగుతో ఊడిపోయే రకమే వాడాలి.

ఈత: మొదటి నిమిషమే అసలు పరీక్ష

చన్నీళ్లలో ప్రాణం పోయేది చలికి ఒళ్లు గడ్డకట్టి అనుకుంటారు. చాలాసార్లు అంతదాకా రాదు. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో ఒక్కసారిగా పడితే చర్మానికి తగిలిన ఆ దెబ్బకి మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని పెద్దగా గాలి పీలుస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది నీళ్లే. తర్వాత ఊపిరి వేగంగా, అదుపు లేకుండా ఆడుతుంది, గుండె దడదడలాడుతుంది, టెన్షన్ ముంచుకొస్తుంది. గజ ఈతగాళ్లు కూడా ఒడ్డుకి రెండు బారల దూరంలో మునిగిపోయేది అందుకే.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చన్నీళ్లలో ఒంటికి ఏమవుతుందో ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆయన చెప్పిన 1-10-1 లెక్క గుర్తుపెట్టుకోండి. గడ్డకట్టేంత చల్లటి నీళ్లలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం. చేతులు, కాళ్లు మనమాట వినేది సుమారు 10 నిమిషాలు. చలికి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. అంటే మొదటి నిమిషం గడిస్తే చాలా సమయం ఉన్నట్టే, కానీ చేతులు పనిచేసే ఆ పది నిమిషాల్లోనే బయటపడాలి.

కాబట్టి దూకవద్దు. నడిచి దిగండి. చీలమండల దాకా వెళ్లి ఆగండి. వంగి దోసిలితో నీళ్లు తీసుకుని ముఖం మీద, మెడ వెనక, చేతుల మీద చల్లుకోండి. నడుము దాకా దిగి మళ్లీ ఆగండి. ఇక్కడ కడుపు బిగుసుకుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. గాలి పీల్చడం మీద కాకుండా వదలడం మీద ధ్యాస పెట్టండి, నోటితో సన్నగా, పొడుగ్గా ఊదుతూ వదలండి. మామూలుగా ఒక వాక్యం మాట్లాడగలిగితే అప్పుడు భుజాలు ముంచండి. మాట తెగిపోతుంటే ఇంకా సమయం కాలేదు. అదుపు తప్పి పడిపోయినా ఇదే సూత్రం: చేతులు కొట్టుకోకుండా వెల్లకిలా తేలి, ముఖం పైకి పెట్టి, ఊపిరి సర్దుకునేదాకా ఉండండి. ఈదడం తర్వాత.

ఈదేది ఒడ్డుకు సమాంతరంగా, కాలు అందే లోతుకి దగ్గరగా. లోపలికి కాదు. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని తీసుకుపోతుంది, కాబట్టి "ఇంకాసేపు" అనిపిస్తుండగానే పైకి రండి. వేళ్లు దగ్గరికి చేరకపోవడం, చేతులు బరువెక్కడం కనిపిస్తే ఆలస్యమైనట్టే.

పైకి వచ్చాక పని అయిపోలేదు. చేతులు, కాళ్లలో చల్లబడిన రక్తం లోపలికి చేరుతుంది కాబట్టి బయటికొచ్చిన తర్వాత కూడా కొంతసేపు ఒంటి లోపలి వేడి పడిపోతూనే ఉంటుంది. పది నిమిషాల తర్వాతే అసలు వణుకు మొదలవ్వచ్చు. వెంటనే తడి బట్టలు పూర్తిగా విప్పి, తుడుచుకుని, ముందు పైభాగానికి పొడి బట్టలు, తలకు టోపీ పెట్టుకోండి. ఫ్లాస్కులోది తాగండి, ఏదైనా తీపి తినండి. ఎవరైనా మాట తడబడుతున్నా, జిప్ పెట్టుకోలేకపోతున్నా, ఉన్నట్టుండి చిరాకుపడుతున్నా, ముఖ్యంగా వణుకు ఆగిపోయి మగతగా ఉన్నా అది ప్రమాదం. పడుకోబెట్టి, పొడిగా చుట్టి, కదలకుండా ఉంచి సాయం పిలవాలి. చేతులు, కాళ్లు రుద్దకూడదు. మద్యం ఈతకు ముందూ వద్దు, తర్వాతా వద్దు. వెచ్చగా అనిపిస్తూనే ఒంట్లో వేడిని బయటికి పంపేస్తుంది.

పిల్లలుంటే ఒకరు పూర్తిగా వాళ్లనే చూస్తూ ఉండాలి, ఫోన్ లేకుండా. మునిగేవాళ్లు కేకలు వేయరు. నోరు నీటి అంచుకి పైకీ కిందికీ ఆడుతూ, తల వెనక్కి వాలి, చేతులు పక్కలకి నొక్కుతూ ఉంటారు. బయటికి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. "బాగున్నావా?" అని అడిగితే జవాబు రాకపోతే వెళ్లాల్సిందే.

నది దగ్గర

ఎక్కడ దిగాలన్నా ముందు దిగువకు నడిచి చూసి రండి. జారిపడితే నది ఎక్కడికి తీసుకెళ్తుంది? కింద విశాలమైన లోతు తక్కువ గులకరాళ్ల మేట ఉంటే మంచిది. కూలిన చెట్టు నీళ్లకి అడ్డంగా పడి ఉంటే ఆ చోటు వదిలేయండి. కొమ్మల సందుల్లోంచి నీళ్లు వెళ్తాయి, మనిషి వెళ్లడు, వెనక నుంచి నీటి ఒత్తిడి నొక్కేస్తుంది. చిన్న ఆనకట్టలు ఇంకా మోసం. ఒకటి రెండు మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు సాఫీగా జారిపడుతుంటే ముచ్చటగా కనిపిస్తుంది, కానీ దాని కింద నీళ్లు వెనక్కి తిరిగి సుడి తిరుగుతూనే ఉంటాయి, పడినవాణ్ని బయటికి వదలవు. దాని పైనా కిందా రెండు వైపులా దూరంగా ఉండండి.

నీటి పైభాగాన్ని చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. పారే నీళ్లలో బాణం మొనలాంటి గీతలు కనిపిస్తాయి. మొన దిగువకు చూపుతుంటే రెండు బండల మధ్య దారి ఉన్నట్టు. మొన ఎగువకు చూపుతుంటే సరిగ్గా అక్కడ నీటికింద రాయి ఉన్నట్టు. పెద్ద బండ వెనకాల నీళ్లు నెమ్మదించి, కాస్త వెనక్కి కూడా తిరుగుతాయి. పడవవాళ్లు ఆగి ఊపిరి తీసుకునేది అక్కడే.

దాటక తప్పకపోతే పొద్దున్నే దాటండి. వంతెన గంట దూరంలో ఉన్నా వంతెనే మేలు. అది లేకపోతే నది వెడల్పుగా పరుచుకుని పాయలుగా విడిపోయిన చోటు వెతకండి. ఇరుకైన చోటు దగ్గరగా కనిపిస్తుంది కానీ లోతు, వేగం రెండూ అక్కడే ఎక్కువ. నీటి వేగం రెట్టింపైతే అది మనిషిని నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. ఒక పుల్ల నీళ్లలో వేసి దాని పక్కనే ఒడ్డు వెంట నడవండి. మామూలు నడకతో దాన్ని అందుకోలేకపోతే దాటొద్దు. అడుగు కనిపించనంత మడ్డిగా ఉన్నా, లోతు మోకాలు దాటినా వెనక్కి తిరగడమే.

దాటేటప్పుడు బూట్లు విప్పకండి. వీపు సంచి ఛాతీ పట్టీ తీసేసి, భుజాల పట్టీలు వదులు చేసి, నడుము పట్టీ ఒక్క లాగుతో ఊడేలా చూసుకోండి. ముఖం ఎగువకు పెట్టి, గట్టి కర్రను మీకు ఎగువన ఆనించి, పక్కకి చిన్న అడుగులు వేయండి. కర్ర, రెండు కాళ్లు, ఈ మూడింటిలో ఎప్పుడూ ఒక్కటే కదలాలి. పాదం పైకెత్తకుండా రాళ్ల మధ్య తడుముతూ, నిలకడ దొరికాకే బరువు వేయండి. కాస్త దిగువకు ఏటవాలుగా సాగితే నీటితో పోరాటం తగ్గుతుంది. ముగ్గురు నలుగురుంటే భుజం భుజం కలిపి, ఒకరి సంచి పట్టీలు ఒకరు పట్టుకుని, వరస ప్రవాహానికి సమాంతరంగా ఉండేలా, బలమైనవాళ్లు ఎగువ చివర నిలబడి కలిసి కదలండి. ఒంటికి తాడు మాత్రం కట్టుకోవద్దు. పడిపోతే అదే నీళ్లకింద పట్టి ఉంచుతుంది.

కొట్టుకుపోతే లేచి నిలబడాలని చూడకండి. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే మోకాలి లోతు నీళ్లే మనిషిని ముందుకు వంచి ముంచేస్తాయి. వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువకు, నీటి పైకి వచ్చేలా చాపి, మోకాళ్లు కాస్త వంచి, వచ్చే బండలను కాళ్లతో నెట్టుకుంటూ ఒడ్డువైపు చేతులతో ఈదండి. పిరుదులు అడుగుకి తగిలేంత లోతు తగ్గాకే లేవాలి. ఎదురుగా చెట్టుకొమ్మలు అడ్డుంటే మాత్రం పద్ధతి మార్చాలి: బోర్లా తిరిగి, తల ముందుకు పెట్టి, వేగంగా ఈది, కొమ్మల కిందికి పోకుండా వాటిపైకి ఎగబాకండి.

వేరేవాళ్లు కొట్టుకుపోతుంటే వెనకాలే దూకొద్దు. ముందు కేక వేయండి, కర్ర చాపండి, తాడు విసరండి. త్రో బ్యాగ్ వాళ్ల తల దాటి, చేతికి అందేలా పడాలి. తాడు పట్టాక కాళ్లు తన్ని కూర్చోండి, ప్రవాహమే వాళ్లను ఒడ్డుకి ఊపి తెస్తుంది.

గాలం వేసేవాళ్లకి

తిరిగి వదిలేసే చేపను పట్టుకునేముందు చేతులు తడుపుకోండి. పొడి చేయి తగిలితే దాని ఒంటి మీది జిగురు పొర ఊడి జబ్బు పట్టుకుంటుంది. ముల్లు లేని గాలం అయితే నీళ్లలోనే తీసి వదిలేయొచ్చు. ట్రౌట్ చన్నీటి చేప. నీళ్లు 20 డిగ్రీలకు చేరితే దానికి ఊపిరాడటం కష్టం, ఆ వేళ దాని జోలికి వెళ్లకండి.

మధ్యాహ్నం: ఒడ్డున ఉండండి

మెరుపు కనిపించగానే లెక్క మొదలుపెట్టండి. ధ్వని కిలోమీటరుకు సుమారు 3 సెకన్లు తీసుకుంటుంది. 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉంది. అసలు ఉరుము వినిపించిందంటేనే నీళ్లలోంచి బయటికి రావాలి. తెరిచి ఉన్న ఒడ్డు, ఒంటరి చెట్టు, కొండ శిఖరం వద్దు. పక్కా కట్టడంలోకో కారులోకో వెళ్లండి. అవి లేకపోతే పల్లంలో, ఒకే ఎత్తున్న చెట్ల గుంపులో ఒకరికొకరు దూరంగా ఉండండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ నీళ్ల దగ్గరికి.

నీళ్లు తాగడం, కడుక్కోవడం

ఎంత తేటగా కనిపించినా కొండనీళ్లలో జియార్డియా లాంటి క్రిములుండొచ్చు. సలసల మరిగాక ఇంకో నిమిషం మరిగించండి. 2,000 మీటర్ల పైన నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి అక్కడ 3 నిమిషాలు.

గిన్నెలైనా, ఒళ్లయినా నీళ్లలోనే కడగవద్దు. సరస్సు నుంచి 60 మీటర్లు దూరంగా నీళ్లు తీసుకెళ్లి కడిగి, ఆ నీళ్లను మట్టిమీద చల్లండి. ప్రకృతిలో కలిసిపోయే సబ్బు అని రాసి ఉన్నా అది కలిసిపోయేది మట్టిలోనే. మలవిసర్జనకూ అంతే దూరం వెళ్లి, 15 నుంచి 20 సెంటీమీటర్ల గొయ్యి తీసి పూడ్చండి. వాడిన కాగితం సంచిలో వేసుకుని తిరిగి తెచ్చుకోండి. చల్లటి సరస్సుల్లో కుళ్లడం చాలా నెమ్మది, మనం వదిలింది ఏళ్లకేళ్లు అక్కడే ఉండిపోతుంది.

తిరిగొచ్చాక సామాన్లు

ఈ పని దాదాపు అందరూ మర్చిపోతారు, నాకు మాత్రం ఇది అన్నిటికంటే ముఖ్యం. డిడిమో అనే సూక్ష్మ శైవలం (ఒక రకం నీటి పాచి) 2004లో న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని ఒక నదిలో బయటపడింది. అది రాళ్లమీద దట్టమైన గోధుమరంగు దుప్పటి పరిచినట్టు పెరుగుతుంది. ఒక నది నుంచి ఇంకో నదికి తడి బూట్ల మీద, గాలపు సామాన్ల మీద ప్రయాణిస్తుంది. బూట్ల అడుగున ఉండే ఫెల్ట్, అంటే తడి ఆరని మందపాటి గుడ్డ, దానికి అనువైన చోటని ఆ దేశం 2008లో అలాంటి బూట్లను చేపల వేటలో నిషేధించింది. కప్పలను చంపే ఫంగస్, చిన్న చిన్న ఆల్చిప్పలు కూడా ఇలాగే తడి సామాన్లతో కొత్త నీళ్లు చేరతాయి.

అందుకని ఆ నీళ్ల దగ్గరే బూట్ల సందుల్లోని మట్టి, పాచి తీసేయండి. పడవలో మిగిలిన నీళ్లు అక్కడే ఒంపేయండి. ఇంటికొచ్చాక బాగా కడిగి ఎండలో పెట్టండి. పైకి తడి తగలకపోతే ఎండినట్టు కాదు. చేతికి పొడిగా తగిలిన తర్వాత కనీసం ఇంకో 48 గంటలు ఆరనివ్వాలి. లైఫ్ జాకెట్, బూట్లలాంటి నీళ్లు పీల్చే వాటికి ఇంకా ఎక్కువ. మర్నాడే వేరే సరస్సుకి వెళ్లే ప్లాన్ ఉంటే ఈ తడి సామాన్లు వద్దు, వేరే జత తీసుకెళ్లండి.